బాగా పండిన ద్రాక్షతో చేసిన రెడ్ వైన్‌ను రుచి చూడటం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

జిన్‌ఫాండెల్, ఆస్ట్రేలియాలోని బరోసా షిరాజ్, అర్జెంటీనాలోని మెండోజా మాల్బెక్, వేడి ప్రాంతాల గ్రెనాష్. ఇవన్నీ ద్రాక్ష రకాలు, వాటి పేరే వైన్‌కూ ఉంటుంది. ఇలాంటి రెడ్‌లు మొదటి గుక్కకే నచ్చేస్తాయి. నచ్చిందని మంచిదనేస్తాం, వారం తిరగ్గానే అదే వైన్ విసుగు పుట్టిస్తుంది. కొత్తగా రుచి చూడటం మొదలుపెట్టినవాళ్లకు వచ్చే సందేహాలన్నీ దాదాపు ఈ మలుపు దగ్గరే వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## సీసా తెరవకముందు

"ఫ్రూట్-ఫార్వర్డ్" అంటే పండ్ల రసం కలిపారనా?

కాదు. అందులో ద్రాక్ష తప్ప మరో పండు లేదు. ముక్కుకూ నాలుకకూ ముందుగా తగిలేది పండు అని మాత్రమే ఆ మాటకు అర్థం. మట్టి, తోలు, పొగాకు, ఓక్ పీపా వాసనలు ఉంటే గింటే వెనక ఉంటాయి. ద్రాక్ష తొక్కలో దాగిన వాసన పదార్థాలు, పులిసేటప్పుడు ఈస్ట్ పుట్టించే ఎస్టర్లనే పండు వాసన పదార్థాలు కలిసి మనకు ప్లమ్ అనో చెర్రీ అనో అనిపిస్తాయి.

ద్రాక్ష ఎక్కువ పండితే వైన్‌లో ఏం మారుతుంది?

కాయ రంగు తిరిగినప్పటి నుంచి లోపల రెండు పనులు ఒకేసారి సాగుతాయి. చక్కెర పెరుగుతూ ఉంటుంది. మాలిక్ ఆమ్లాన్ని కాయ తన శ్వాసక్రియలో ఖర్చుపెట్టేస్తూ ఉంటుంది, ఎండ ఎక్కువైతే ఇంకా తొందరగా. కాబెర్నే లాంటి రకాల్లో పచ్చి క్యాప్సికమ్ వాసననిచ్చే పైరజీన్లు కూడా ఈ దశలోనే తగ్గిపోతాయి. కోతకు ముందు తోటలో తిరిగేవాళ్లు కాయను నోట్లో వేసుకుని, గుజ్జు మింగేసి, గింజను కొరికి చూస్తారు. పచ్చిగింజ మెత్తగా నలిగి నాలుకను పట్టేస్తుంది. పండిన గింజ గోధుమరంగు తిరిగి, వేయించిన పప్పులా కరకరమంటుంది.

లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే 1 శాతం ఆల్కహాలు వస్తుంది. 15 శాతం వైన్ కావాలంటే లీటరుకు 255 గ్రాముల దాకా చక్కెర ఉండాలి. అంటే పండు పెరగడం, పులుపు తగ్గడం, ఆల్కహాలు పెరగడం ఒకే మూటలో వస్తాయి. ఈ మూటను తయారీదారు ఎలా సర్దాడన్నదే మనం రుచి చూసేది.

సీసా మీద 14.5 అని ఉంటే లోపలా అంతే ఉంటుందా?

ఉండాలనేం లేదు. అమెరికాలో 14 శాతం దాటిన వైన్‌కు లేబుల్ మీది అంకె 1 శాతం దాకా అటూ ఇటూ ఉండొచ్చు. కాబట్టి 14.5 అన్నది నిజానికి 15.5 కావచ్చు. ఐరోపా సమాఖ్యలో సాధారణంగా అర శాతమే వెసులుబాటు. గొంతు ఒకటి చెప్పి లేబుల్ మరొకటి చెబితే నేనైతే గొంతునే నమ్ముతాను. ఒక లెక్క గుర్తుంచుకోండి: 150 మిల్లీలీటర్ల గ్లాసులో 12 శాతం వైన్ ఉంటే దాదాపు 14 గ్రాముల ఆల్కహాలు, 15 శాతం ఉంటే దాదాపు 18 గ్రాములు. నోటికి రెండూ ఒకటే గ్లాసు, ఒంటికి కాదు.

ఏ గ్లాసు వాడాలి? ఎంత పోసుకోవాలి?

కింద వెడల్పుగా, అంచు దగ్గరికి వచ్చేసరికి ముడుచుకునే గ్లాసు ఏదైనా సరే. వైన్ రుచి చూడటానికి 1977లో ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన గ్లాసు (ఐఎస్ఓ 3591) మొత్తం పట్టేది 215 మిల్లీలీటర్లే. అందులో 50 పోస్తే చాలు, మిగతా చోటంతా వాసనకు. నిండా పోస్తే తిప్పినప్పుడు చొక్కా మీద పడుతుంది తప్ప వాసన తెలియదు.

రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలంటారు కదా?

ఆ మాట చలిదేశాల పాత రాతి ఇళ్లలో పుట్టింది. 16 నుంచి 18 డిగ్రీలు ఈ రకం వైన్‌కు బాగా కుదురుతాయి. నమ్మకం కుదరకపోతే ఒకే సీసాలోంచి రెండు గ్లాసులు పోయండి. ఒకటి 27, 28 డిగ్రీల గదిలో వదిలేసి, రెండోదాని మీద మూతపెట్టి పావుగంట ఫ్రిజ్‌లో ఉంచండి. వెచ్చని గ్లాసులో ముక్కు పెట్టగానే స్పిరిట్ చురుక్కుమంటుంది, పండు ఉడికిన జామ్‌లా తోస్తుంది. చల్లబడిన దాంట్లో అదే పండు తాజాగా, విడివిడిగా నిలబడుతుంది. రెండూ వేరే వైన్లని పందెం కాసినవాళ్లను చూశాను. సీసా మొత్తం చల్లబరచాలంటే అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. మరీ చల్లబడితే వగరు బిరుసెక్కుతుంది, అప్పుడు గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని కాసేపు ఆగండి.

## గ్లాసులోకి చూసేటప్పుడు

రంగు ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదా?

రంగు ముందు చెప్పేది ద్రాక్ష రకాన్ని. మాల్బెక్ సిరాలా ఉంటుంది. గ్రెనాష్ ఎంత పండినా పలచనే. లేత గ్రెనాష్‌ను చూసి "నీళ్లలా ఉంది" అని పక్కన పెట్టినవాళ్లే నోట్లో పోసుకున్నాక 15 శాతం ఆల్కహాలు తగిలి ఉలిక్కిపడతారు. గ్లాసును తెల్లకాగితం మీద వాల్చి అంచు చూడండి. ఊదారంగు ఉంటే వయసు తక్కువ, ఇటుకరంగు వస్తుంటే ముదురుతోంది. పులుపు తక్కువైన వైన్‌లో ఎరుపు నీలంవైపు మొగ్గుతుంది, మెరుపు కాస్త తగ్గుతుంది. ఇంకో సంగతి. చౌక రకాల్లో రూబీరెడ్ అనే ఎర్రగుజ్జు ద్రాక్ష నుంచి తీసిన గాఢమైన సారం కలిపి రంగు పెంచడం ఉంది. కంటికి మోసం జరిగే అవకాశం ఉన్నచోట కంటికి మార్కులు తక్కువే వెయ్యాలి.

గ్లాసు గోడ మీద జారే చారలు నాణ్యతకు గుర్తేనా?

కాదు. నీటికంటే ఆల్కహాలు తొందరగా ఆవిరవుతుంది. పలచటి పొరలో నీటి వంతు పెరిగి తలతన్యత హెచ్చి, కింది ద్రవాన్ని పైకి లాగుతుంది. బరువెక్కాక అది చారలుగా జారుతుంది. జేమ్స్ థామ్సన్ అనే శాస్త్రవేత్త 1855లోనే దీన్ని వివరించాడు, పేరు మాత్రం ఇటలీ శాస్త్రవేత్త మరంగోనీకి దక్కింది. ఆల్కహాలు ఎక్కువుంటే చారలు ఎక్కువ. అంతే.

## వాసన చూసేటప్పుడు

నాకు "వైన్ వాసన" తప్ప ఇంకేమీ తెలియడం లేదు. ఏం చెయ్యాలి?

ముందు తిప్పకుండా ఒకసారి చూడండి. తేలికగా ఎగిరే వాసనలు అప్పుడే దొరుకుతాయి, తిప్పాక ఆల్కహాలు వాటిని కప్పేస్తుంది. తర్వాత తిప్పి రెండోసారి. గుండెనిండా పీల్చకండి, పువ్వు వాసన చూసినట్టు చిన్నగా రెండు మూడుసార్లు చాలు. ముక్కు మొద్దుబారితే మోచేతి మడత వాసన చూసుకోండి. మీ ఒంటి వాసనకు ముక్కు అలవాటుపడి ఉంటుంది కాబట్టి తేరుకుంటుంది. ఏ పండో తోచకపోతే రంగుతో మొదలుపెట్టండి: ఎర్రపండా, నల్లపండా, నీలపండా? చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నతో దారి దొరుకుతుంది.

బ్లాక్‌బెర్రీ, బాయ్‌సెన్‌బెర్రీ ఎప్పుడూ తినలేదు. తెలియని పండు వాసన ఎలా పట్టుకోవాలి?

పట్టుకోనక్కర్లేదు. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ 1980లలో తయారుచేసిన వాసనల చక్రం (వైన్‌లో దొరికే వాసనల పేర్లను గుండ్రంగా అమర్చిన పటం) అక్కడి వాళ్లకు తెలిసిన వాసనలతో నిండి ఉంది. అది పనిచేసేది కూడా అందుకే. మీ జ్ఞాపకంలో నేరేడు ఉంటే నేరేడనే రాసుకోండి. దానిమ్మ, ఖర్జూరం, అంజీర్, ఎండుద్రాక్ష, ఏదైనా సరే. ఒక్క షరతు: రేపు అదే వైన్ తాగినప్పుడు మళ్లీ అదే మాట తట్టాలి. అరువు తెచ్చుకున్న మాట తెల్లారేసరికి గుర్తుండదు.

తాజా పండు, జామ్, ఎండుద్రాక్ష. ఈ తేడా అంత ముఖ్యమా?

ఈ రకం వైన్‌లో ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు. పండు ఏదన్నది కాదు, ఏ స్థితిలో ఉందన్నది చూడాలి. అప్పుడే కొరికిన ప్లమ్‌లా ఉందా, చక్కెరపాకంలో ఉడికినట్టుందా, ఎండి ముడతలు పడినట్టుందా? తాజాగా ఉంటే పులుపు నిలిచి ఉండగానే కోశారని ఊహించొచ్చు. గ్లాసంతా ఎండుద్రాక్షే అయితే కాయ తీగ మీదే వాడిపోయిందన్నమాట.

జిన్‌ఫాండెల్‌లో విచిత్రం ఏమిటంటే ఒకే గుత్తిలో గులాబీరంగు కాయ, నల్లగా పండిన కాయ, ఎండిపోయిన కాయ పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఒకే గ్లాసులో పుల్లచెర్రీ నుంచి ఎండుద్రాక్ష దాకా దొరుకుతుంది. ఆ కలగలుపు లోపం కాదు, బాగా చేసినప్పుడు దాని అందమే అది. కాలిఫోర్నియావాళ్లు సొంతమనుకున్న ఈ ద్రాక్ష క్రొయేషియా తీరంలోని త్సర్లెనాక్ కష్టెలాన్‌స్కీయేనని 2001లో డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి. ఇటలీలో ప్రిమిటీవో అనేదీ ఇదే.

ఒక జాగ్రత్త: ఉడికిన వాసనకు తోట కారణం కాకపోవచ్చు, సీసా ఎండలో మగ్గి ఉండొచ్చు. అప్పుడు బిరడా కొంచెం పైకి పొడుచుకొచ్చి ఉంటుంది, మెడ దగ్గర కారిన మరక కనిపిస్తుంది, నోట్లో వైన్ చప్పగా సాగుతుంది.

వెనీలా, కొబ్బరి వాసన కూడా పండుదేనా?

ఓక్ చెక్కది. ముఖ్యంగా అమెరికన్ ఓక్‌లో కొబ్బరిలా తోచే లాక్టోన్లు ఎక్కువ. వెనిలా కూడా కాల్చిన చెక్క నుంచి దిగేదే. పండును అది మోస్తోందా, ముంచేస్తోందా అని చూడండి. ముందు వెనీలా, మధ్యలో వెనీలా, మింగాక వెనీలా అయితే మీరు చెక్కను తాగుతున్నారు.

అందరూ షిరాజ్‌లో మిరియాల ఘాటు అంటున్నారు, నాకు రావడం లేదే?

మీ తప్పు కాకపోవచ్చు. ఆ ఘాటుకు కారణం రోటండోన్ అనే పదార్థమని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించారు. నల్లమిరియాల్లో ఉన్నదీ అదే. వాళ్ల పరీక్షలో దాదాపు ఐదోవంతు మంది దాన్ని ఎంత ఎక్కువ మోతాదులో ఇచ్చినా పసిగట్టలేకపోయారు. పైగా చల్లటి ప్రాంతాల షిరాజ్‌లోనే అది ఎక్కువ.

ఏదో తేడా వాసన వస్తోంది. ఇది స్టైలా, చెడిపోయిందా?

తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా లోపం. టీసీఏ అనే పదార్థం లీటరులో నానోగ్రాముల్లో ఉన్నా చాలు. పండు ఎక్కువున్న వైన్‌లో ఇది దొంగలా పనిచేస్తుంది. అట్ట వాసన రాకుండానే పండును నొక్కేస్తుంది. పేరుకు పండు నిండిన వైన్ మూగగా ఉంటే రెండో సీసా తెరిచి పోల్చండి.

గోళ్లరంగు తుడిచే ద్రవంలా ఘాటెక్కితే ఇథైల్ అసిటేట్. గుర్రపుసాల, గాయానికి వేసే ప్లాస్టర్ లాంటి వాసన వస్తే బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్. బాగా పండిన ద్రాక్షలో పీహెచ్ పెరుగుతుంది (అంటే పులుపు బలం తగ్గుతుంది), పీహెచ్ పెరిగితే వైన్ పాడవకుండా కలిపే సల్ఫర్ డయాక్సైడ్ రక్షణ బలహీనపడుతుంది, అందుకే ఈ రకం వైన్లకు ఈ జబ్బుల భయం ఎక్కువ. కొంచెం ఘాటు పండును పైకెత్తుతుందని ఇష్టపడేవాళ్లున్నారు. పండు కంటే ముందు అదే పలికితే నేను లోపమనే రాస్తాను.

## నోట్లో పోసుకున్నాక

డ్రై వైన్, అంటే తీపి లేనిది అంటున్నారు, మరి తియ్యగా ఉందేం?

గుక్క నోట్లోకి తీసుకునే ముందు ముక్కు గట్టిగా మూసుకోండి. నోట్లో నాలుగైదు సెకన్లు తిప్పండి. తీపి తగలకపోతే మీరు ఇంతసేపూ తీపి అనుకున్నది పండు వాసన. వేలు తీయగానే తీపి తిరిగొచ్చేస్తుంది. ముక్కు మూసినా నాలుక కొనకు తీపి తగులుతూనే ఉంటే రెండు కారణాలు: ఆల్కహాలు తానే కాస్త తీపిగా తోస్తుంది, లేదా చక్కెర నిజంగానే మిగిలి ఉంది. ఐరోపా నిబంధనల్లో డ్రై అనాలంటే లీటరుకు మామూలుగా 4 గ్రాములు, పులుపు తగినంత ఉంటే 9 దాకా ఉండొచ్చు. జనాదరణ కోసం చేసే కొన్ని రెడ్‌లలో 10 దాటే చక్కెర ఉంటుంది, లేబుల్ చాలాసార్లు ఆ మాట చెప్పదు. ఉమ్మేశాక పెదవులు కాస్త జిగటగా అతుక్కుంటే నేను చక్కెరనే అనుమానిస్తాను.

టానిన్ అంటే ఏమిటి? చేదా?

వగరు. దీనికి ఇంత సూటి మాట దొరకని భాషల్లో రుచి చూసేవాళ్లు పేరాలు పేరాలు రాస్తారు, మనకు మూడక్షరాల్లో పనైపోయింది. చేదు నాలుకకు తెలిసే రుచి, వగరు నోరంతా తెలిసే స్పర్శ. తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్లు ఉమ్మిలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి, జారుడు పోయి చిగుళ్లు గరుకుగా తగులుతాయి. పాలు లేని చిక్కటి టీ తాగి నాలుకతో పళ్ల వెనక రాసుకుంటే అదే. వగరు ఎంతుందో మాత్రమే కాదు, దాని నేత చూడండి: మఖమల్లా ఉందా, గోనెసంచిలా ఉందా? బాగా పండిన ద్రాక్షలో వగరు మెత్తగా ఉండి పండు వెనక దాక్కుంటుంది. అసలు లేకపోతే మాత్రం వైన్ నోట్లో కూలబడిపోతుంది.

పులుపు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఉమ్మేసి, తల కాస్త వంచి, నోరు మూసుకుని పది లెక్కపెట్టండి. దవడల పక్క నుంచి నీరూరితే పులుపు ఉంది. నోరు పొడిగా, బరువుగా ఉండిపోతే లేదు. వేడి ప్రాంతాల్లో టార్టారిక్ ఆమ్లం కలిపి సరిచేయడం మామూలే, అదేమీ దోషం కాదు. కలిసిపోకుండా చివర్లో సూదిలా విడిగా గుచ్చుకుంటే మాత్రం రాసుకోవలసిందే.

ఉమ్మేస్తే రుచి తెలుస్తుందా?

తెలుస్తుంది. వైన్ నోట్లో ఉండగా పెదవుల సందులోంచి కాస్త గాలి పీల్చి, ముక్కుతో వదలండి. వాసన గొంతు వెనక దారిలో ముక్కుకు చేరుతుంది. మింగకపోతే తెలియనిది దాదాపు ఏమీ లేదు. 15 శాతం వైన్లు ఆరు వరసగా మింగినవాళ్లు ఏడోదాని గురించి చెప్పే మాటను నేను పట్టించుకోను.

ముగింపు ఎన్ని సెకన్లుంటే మంచిది?

సెకన్ల కంటే మిగిలిందేమిటో చూడండి. పండు పదిహేను సెకన్లు నిలిస్తే సంతోషించొచ్చు. పండు మూడు సెకన్లలో పోయి గొంతులో మంట పదిహేను సెకన్లుంటే అది పొడవు కాదు. ఆల్కహాలు అంకె పెద్దదైనంత మాత్రాన మంట రావాలని లేదు, పండు, వగరు తగినంత ఉంటే 15 శాతం కూడా నిశ్శబ్దంగా దిగిపోతుంది.

కారం తిన్న నోటితో రుచి చూడొచ్చా?

వద్దు. మిరపకారానికి మేలుకునే నరాల గ్రాహకాన్నే ఆల్కహాలు కూడా తట్టిలేపుతుంది, రెండూ కలిస్తే మంట రెట్టింపు. కనీసం గంట ఆగండి. టూత్‌పేస్ట్, కాఫీ తర్వాత కూడా అంతే.

## తీర్పు చెప్పేటప్పుడు

నాకు చాలా నచ్చింది. అంటే మంచి వైనేగా?

కావచ్చు. ఈ రకం వైన్‌కు నేను పెట్టే పరీక్ష ఒకటే: పండును పక్కన పెట్టి, మిగతాది చూడండి. పండు ఎంతుందో చెప్పడం తేలిక, అది అరిచి మరీ చెబుతుంది. దాన్ని నిలబెట్టే పులుపు ఉందా, పట్టి ఉంచే వగరు ఉందా, మొదటి గుక్కలో లేనిది ఏమైనా నాలుగో గుక్కలో దొరికిందా? పావుగంట తర్వాత గ్లాసు మీ చెయ్యి తనంతట అందుకుంటే మంచి వైన్. మొదటి గ్లాసు ఆవురావురుమని తాగి, రెండోది సగంలో వదిలేస్తే కారణం ఈ మూడింట్లో ఎక్కడో ఉంటుంది.

మార్కులు 20కి వెయ్యాలా, 100కి వెయ్యాలా?

డేవిస్ విశ్వవిద్యాలయంలో 1959 నాటికే రూపుదిద్దుకున్న 20 మార్కుల పద్ధతి లోపాలు పట్టడానికి పుట్టింది. అమెరికన్ వైన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ 1970ల చివర్లో వ్యాప్తిలోకి తెచ్చిన 100 మార్కుల పద్ధతి 50 నుంచి మొదలవుతుంది కాబట్టి అదీ 50 మార్కులదే. మీ నోట్‌బుక్‌కు ఏదైనా ఒకటే. మార్కు పక్కన ఒక వాక్యం రాయకపోతే ఆరు నెలల తర్వాత 88 అంటే ఏమిటో మీకే తెలియదు.

వరసగా చాలా వైన్లు రుచి చూస్తే ఎప్పుడూ గాఢమైనదే ఎందుకు గెలుస్తుంది?

నోరు అలిసిపోయాక గట్టిగా అరిచేదే వినబడుతుంది కాబట్టి. పేర్లు కప్పేసిన పది సీసాల్లో ఒకసారి నేను ఎనిమిదోదానికి అన్నిటికంటే ఎక్కువ వేశాను. భోజనాల దగ్గర అదే సీసా మళ్లీ పోసుకుంటే అరగ్లాసు దాటలేదు, మూడోది ఖాళీ అయిపోయింది. అప్పటి నుంచి తేలికవాటితో మొదలుపెట్టి, చివర్లో వెనక్కి తిరిగి ఒక చుట్టు వేస్తున్నాను.

రంగు, లేబుల్ చూసి నేను మోసపోతున్నానేమో?

అందరం మోసపోతాం. 2001లో ప్రచురితమైన, ఫ్రాన్స్‌లోని బోర్డోలో జరిగిన ప్రయోగంలో తెల్ల వైన్‌కు వాసన లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, వైన్ శాస్త్రం చదువుతున్న 54 మంది దాన్ని వర్ణించడానికి ఎర్ర వైన్ మాటలే వాడారు. ఇంట్లో చేసుకోదగిన విరుగుడు మూడు గ్లాసుల పరీక్ష. రెండింట్లో ఒకే వైన్, ఒకదాంట్లో వేరేది, పోసేది ఇంకొకరు. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి గెలిచి మురిసిపోకండి, ఆరుసార్లు చేయండి.

ఇలాంటి వైన్ ఏళ్ల తరబడి దాచొచ్చా?

చాలావాటిని మూడు నాలుగేళ్లలో తాగేయడం మంచిది. వాటి సొత్తంతా తాజా పండే, మొదట పోయేదీ అదే. వగరూ పులుపూ గట్టిగా ఉన్న బరోసా షిరాజ్ లాంటివి దశాబ్దం దాటి కూడా బాగుంటాయి, అవి మినహాయింపు.

సీసాలో సగం మిగిలింది. రేపు మళ్లీ రుచి చూస్తే లాభముందా?

తప్పకుండా చూడండి. బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. రెండోరోజు పండు కాస్త వెనక్కి తగ్గి, పులుపు, వగరు అనే ఎముకలు బయటపడతాయి. వీలైతే తాగిన గ్లాసును కడక్కుండా రాత్రంతా బల్ల మీదే వదిలేయండి. పొద్దున్న అడుగున ఎండిన ఊదారంగు మరక మీద ముక్కు పెడితే ఆల్కహాలు ఎగిరిపోయి ఉంటుంది. కొన్నింట్లో పండు వాసన ఇంకా ఉంటుంది, కొన్నింట్లో వట్టి వెనీలా చెక్క.